డయల్ ముద్దొస్తుంది సరే, పనికొస్తుందా?

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే.

నాకిచ్చిన ప్రశ్న సూటిగా ఉంది. పాతకాలం కెమెరాల రూపంలో వస్తున్న డిజిటల్ కెమెరాలు ఫొటోలు తీసి ఇల్లు నడుపుకునేవాళ్లకి నచ్చుతున్నాయా, లేక సరదాకి తీసుకునేవాళ్లకేనా? జవాబు ముందే చెప్పేస్తాను, నిద్రొస్తున్నవాళ్లు ఇక హాయిగా కునుకు తీయొచ్చు. నచ్చుతున్నాయి. ఈ హాల్లో ఉన్నవాళ్లలో చాలామంది ఇంట్లో ఒకటి ఉండే ఉంటుంది. కానీ నచ్చడం వేరు, డబ్బు తీసుకున్న పనికి దాన్నే మెయిన్ బాడీగా, అంటే ప్రధాన కెమెరాగా, పట్టుకెళ్లడం వేరు. ఆ రెండిటికీ మధ్య అంత దూరం ఎందుకుందో చెప్పడానికే వచ్చాను. పనిచేసేవాళ్లకి అందం పట్టదు, స్పెసిఫికేషన్లే కావాలి అని కొందరంటారు, అది నేను ఒప్పుకోను. మన ఫొటోగ్రాఫర్లంత సామాన్ల పిచ్చి ఇంకెవరికి ఉందండీ?

ముందు ఏ కెమెరాల సంగతి మాట్లాడుతున్నామో గబగబా చెప్పేస్తాను. 2004లో ఎప్సన్ వాళ్లు ఆర్-డి1 అని ఒకటి తెచ్చారు. డిజిటల్ కెమెరాయే, కానీ ప్రతి ఫొటోకీ పైనున్న లీవర్ లాగి షట్టర్ సిద్ధం చేసుకోవాలి, లోపల ఫిల్మ్ లేకపోయినా. అది కొద్దిమంది చేతుల్లోకే వెళ్లింది. అసలు గాలి మారింది ఫుజీఫిల్మ్ ఎక్స్100తో. 2010 సెప్టెంబరులో ఫొటోకినా కెమెరా ప్రదర్శనలో చూపించారు, 2011లో అమ్మకానికి వచ్చింది. 2012లో ఒలింపస్ తన పాత ఓఎం కెమెరాల ముఖంతో ఓఎం-డి ఇ-ఎం5 తెచ్చింది. 2013 నవంబరులో నికాన్ డీఎఫ్, 2021లో నికాన్ జెడ్ఎఫ్‌సీ, 2023 సెప్టెంబరులో ఫుల్ ఫ్రేమ్, అంటే ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్ ఉన్న, జెడ్ఎఫ్. మధ్యలో ఫుజీ ఎక్స్-టీ సిరీస్ మొత్తం. లైకా ఎం కెమెరాల్ని ఈ లెక్కలో వేయను. 1954 నాటి ఎం3 నుంచి 2022 నాటి ఎం11 దాకా వాళ్లు ఆ రూపాన్ని దాదాపు వదిలిపెట్టలేదు, మళ్లీ తెచ్చుకోవాల్సిన అవసరం ఎక్కడిది?

సరే, పాత కెమెరాల మీద ఒక్కో సెట్టింగుకీ అంకెలు చెక్కిన తిప్పుడు చక్రం ఉండేది, డయల్ అంటే అదే. అసలు ఈ డయళ్లు ఎందుకు పోయాయి? ఎవరో కక్షగట్టి తీసేయలేదు. 1986లో కానన్ టీ90 వచ్చింది, చూపుడు వేలి దగ్గర ఒక చక్రం, దాన్ని తిప్పితే విలువలు మారతాయి, చిన్న తెరమీద అంకె కనపడుతుంది. 1989లో ఈఓఎస్-1 వచ్చేసరికి వెనక బొటనవేలికి ఇంకో చక్రం. నికాన్ ఇంకొన్నాళ్లు బిగపట్టుకుని కూర్చుంది. 1988 నాటి ఎఫ్4 ఆటోఫోకస్ కెమెరా అయినా పైనంతా డయళ్లే. 1996లో ఎఫ్5 దగ్గరికి వచ్చేసరికి అవీ పోయాయి. అంటే పత్రికలవాళ్లు, స్పోర్ట్స్ వాళ్లు వాడే అత్యున్నత మోడల్ నుంచే వాటిని తీసేశారు. ఆ మార్పుకి ఆటోఫోకస్ కూడా ఒక కారణమే. కానీ ఇంకో సంగతి ఉంది, అది పెద్దగా ఎవరూ మాట్లాడరు.

ఫిల్మ్ రోజుల్లో ఐఎస్ఓ, అంటే వెలుతురుకి ఫిల్మ్ ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె, రోల్ వేసేటప్పుడు ఒక్కసారి పెట్టేది. 36 ఫ్రేములు అయిపోయేదాకా దాని జోలికి వెళ్లేవాళ్లం కాదు. చేతులకి మిగిలిన పని రెండే, వెలుతురు ఎంతసేపు పడాలో చెప్పే షట్టర్ స్పీడ్, లెన్స్ కన్నం ఎంత తెరుచుకోవాలో చెప్పే ఎపర్చర్. ఫోకస్ కూడా చేత్తోనే అనుకుంటే మూడు. ఆ పని కోసం గీసిన పైభాగం అది. షట్టర్ డయల్ కుడిచేతి వేళ్ల దగ్గర, ఎపర్చర్ రింగు లెన్స్ మీద ఎడమ చేతికి. ఐఎస్ఓని ఎడమ వైపు మూలకి నెట్టేశారు, ఎవరికీ తొందరగా అవసరం పడదు కాబట్టి. లెక్క సరిపోయింది.

ఇప్పుడు మన పని చూడండి. ఐఎస్ఓ ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ మారుతుంది. ఆటోఫోకస్ ఏరియా మారుతుంది, మనుషులా వాహనాలా అన్న డిటెక్షన్ మారుతుంది, వైట్ బ్యాలెన్స్, డ్రైవ్ మోడ్, సైలెంట్ షట్టరా మెకానికలా. ఇవన్నీ ఇలా ఉండగా, రెండు విలువల కోసం పుట్టిన పైభాగాన్ని తెచ్చి వీటి నెత్తిన పెట్టారు. పైగా అప్పట్లో మూలకి నెట్టేసిన ఐఎస్ఓ డయల్‌ని ఇప్పుడు అదే మూలలో పెద్దది చేసి పెట్టారు.

జెడ్ఎఫ్ తీసుకోండి. ఎడమవైపు ఐఎస్ఓ డయల్, 100 నుంచి 64000 దాకా అంకెలు చక్కగా చెక్కి ఉంటాయి, ఇత్తడి డయల్, తిప్పుతుంటే ఆ క్లిక్కు... నేను కాదనను, టీవీ చూస్తూ ఊరికే తిప్పుతూ కూర్చోవచ్చు. ఇప్పుడు దానికి 70-200 ఎఫ్2.8 జూమ్ లెన్స్ తగిలించండి. కెమెరా బ్యాటరీతో కలిపి 710 గ్రాములు, లెన్స్ ట్రైపాడ్ కాలర్‌తో 1,440 గ్రాములు. బరువంతా ముందుకి. ఎడమ చేయి ఎక్కడుండాలి? లెన్స్ కింద. ముందువైపు గ్రిప్ దాదాపు లేదు కాబట్టి కుడిచేతి వేళ్లు జారతాయి, అందుకని ఎడమ చేయి ఇంకా గట్టిగా లెన్స్ కిందే ఉండాలి. స్టేజీ మీద లైట్లు ఒక్కసారి డిమ్ అయ్యాయి, మనిషి మైక్ దగ్గరికి వస్తున్నాడు, ఐఎస్ఓ పెంచాలి. డయల్ ఎడమవైపు. లెన్స్ వదిలి చేయి పైకి పెడతారా, లేక కన్ను తీసి చూస్తారా? రెండిట్లో ఏది చేసినా ఆ లోపు ఆయన మాట్లాడి వెళ్లి కూర్చుంటాడు.

దీనికి కంపెనీ దారి పెట్టింది. ఐఎస్ఓ డయల్‌ని సీ అన్న గుర్తు దగ్గర పెడితే వేలి దగ్గరుండే మామూలు కమాండ్ డయల్‌తో మార్చుకోవచ్చు. షట్టర్ డయల్ మీద అంకెలన్నీ పూర్తి స్టాపులే, అంటే వెలుతురు రెట్టింపో సగమో అయ్యే మెట్లే, 1/125, 1/250, 1/500 అలా. మధ్య విలువలు కావాలంటే వన్-థర్డ్ స్టెప్ అన్న గుర్తు దగ్గరికి తిప్పితే అదీ కమాండ్ డయల్‌కి వచ్చేస్తుంది. ఫుజీలో అయితే షట్టర్ డయల్ మీద టీ. పనికి వాడేవాళ్లు చేసేది ఇదే. డయళ్ల కోసం కెమెరా కొంటారు, మొదటి ఈవెంట్ అయ్యేసరికి డయళ్లన్నిటినీ ఆ గుర్తుల దగ్గర పార్క్ చేసేస్తారు, ఇక అక్కడినుంచి అది మామూలు కెమెరానే, కాకపోతే పైన నగలు పెట్టుకుంది. (నవ్వులు) తర్వాత గ్రిప్ లేక చేయి లాగుతోందని బయటి కంపెనీ గ్రిప్ కొని బిగిస్తారు. అంటే ఏ రూపం చూసి కొన్నామో ఆ రూపాన్ని మన డబ్బుతోనే మనం కప్పేసుకుంటాం.

ఇంకో తమాషా ఉంది. జెడ్ఎఫ్‌లో ఐఎస్ఓ డయల్ కింద చిన్న మీట ఉంటుంది, ఆటో, పీ, ఎస్, ఏ, ఎం అని. దాన్ని "ఏ" అన్న గుర్తు దగ్గర పెడితే, అంటే ఎపర్చర్ మనం పెట్టి షట్టర్‌ని కెమెరాకి వదిలేస్తే, షట్టర్ డయల్ మీద 1/1000 అని ఉంటుంది, లోపల కెమెరా 1/60 దగ్గర కొడుతూ ఉంటుంది. డయల్ అబద్ధం చెబుతోంది. చూడగానే సెట్టింగు కనపడాలనే కదా దాన్ని పెట్టింది! ఎపర్చర్ అయితే ఇంకా చిత్రం. ఈ కెమెరాలకి తోడుగా పాత ముఖంతో తెచ్చిన 28, 40 ఎస్ఈ లెన్సుల మీద ఎపర్చర్ రింగే లేదు. అందుకని బాడీ పైన గోరంత కిటికీ పెట్టి అందులో ఎఫ్ నంబర్ చూపిస్తారు. ఫుజీ వాళ్లది ఈ విషయంలో నిజాయితీగా ఉంది, మోడ్ మీట లేదు, రింగు ఉన్న లెన్స్ అయితే దాని మీదా షట్టర్ డయల్ మీదా ఏ అన్న గుర్తు ఉంటుంది. ఏది ఆ "ఏ" గుర్తు దగ్గరుంటే అది ఆటో, లేనిది మన చేతిలో. డయల్ ఉండాలంటే అలా ఉండాలి.

అయితే ఆ నిజాయితీ కెమెరాలు చేసేవాళ్లే పనివాళ్ల కోసం ఏం చేశారో చూద్దాం. నా దృష్టిలో ఈ మొత్తం ప్రశ్నకి అదే గట్టి సాక్ష్యం. 2022లో ఫుజీ మేలో ఎక్స్-హెచ్2ఎస్, సెప్టెంబరులో ఎక్స్-హెచ్2, నవంబరులో ఎక్స్-టీ5 ప్రకటించింది. ఎక్స్-హెచ్2కీ ఎక్స్-టీ5కీ లోపల అదే 40 మెగాపిక్సెల్ సెన్సర్, అదే ప్రాసెసర్. ఫొటో నాణ్యతలో తేడా వెతికినా దొరకదు. తేడా అంతా చేతిలోనే. ఎక్స్-టీ5కి డయళ్లు, చిన్న బాడీ. దాని ముందున్న ఎక్స్-టీ4కి వర్టికల్ గ్రిప్, అంటే నిలువు ఫొటోలకి కింద బిగించే పట్టు, ఉండేది, దీనికి అది కూడా తీసేశారు. ఎక్స్-హెచ్2కి డయళ్లు లేవు, మామూలు మోడ్ డయల్, దానిమీద సీ1 నుంచి సీ7 దాకా మన సొంత సెట్టింగులు, పైన చిన్న తెర, లోతైన గ్రిప్, కావాలంటే వర్టికల్ గ్రిప్. అంతకుముందు 2018లో వచ్చిన ఎక్స్-హెచ్1కి డయళ్లు ఉన్నాయి, గుర్తుందా? ఇంకా పెద్ద సెన్సర్ ఉండే మీడియం ఫార్మాట్‌లోనూ ఇదే కథ, 2017 నాటి జీఎఫ్ఎక్స్ 50ఎస్‌కి డయళ్లున్నాయి, 2019 నాటి జీఎఫ్ఎక్స్100కి లేవు. డయళ్ల మీదే పేరు తెచ్చుకున్న కంపెనీ, పనికోసం అని చెప్పి అమ్మే బాడీ దగ్గరికి వచ్చేసరికి రెండు చోట్లా డయళ్లు తీసేసింది. నేను ఇంకేం వాదించక్కర్లేదు.

ఆ సీ1, సీ2ల విలువ పెళ్లి ఫొటోలు తీసినవాళ్లకి తెలుసు. లోపల చీకటి హాలు, ఐఎస్ఓ 6400, 1/160, ఫేస్ డిటెక్షన్, సైలెంట్ షట్టర్. తలుపు తీసుకుని జంట బయటికొచ్చింది, ఎండ. ఐఎస్ఓ 100, 1/1000, కంటిన్యూయస్ ఫోకస్, బరస్ట్. మామూలు బాడీ మీద మోడ్ డయల్ ఒక క్లిక్కు, అన్నీ ఒకేసారి మారిపోతాయి. డయళ్ల బాడీ మీద ఆ పని కుదరదు, ఎందుకంటే మెనూలో ఎన్ని కస్టమ్ సెట్టింగులు దాచుకున్నా, పైన లోహం మీద మీరు పెట్టిన అంకెని మెనూ తిప్పలేదు కదా.

రెండు బాడీలు వేసుకుని తిరిగేవాళ్ల బాధ వేరు. కుడి భుజానికి డయళ్లది, ఎడమ భుజానికి మామూలుది. పొద్దున బాగానే ఉంటుంది. ఆరో గంటకి అలసట వచ్చాక చేయి ఆలోచించడం మానేస్తుంది, అలవాటున్న చోటికి తనంతట తాను వెళ్తుంది, అక్కడ బటన్ ఉండదు. మెయిన్ బాడీ మీద జాయ్‌స్టిక్‌తో ఫోకస్ పాయింట్ జరపడం అలవాటైన బొటనవేలు, జెడ్ఎఫ్ మీద గాలిలో తడుముకుంటుంది, దానికి జాయ్‌స్టిక్ లేదు. వార్తాసంస్థల్లో అయితే ఈ ఇబ్బంది ఇంకా పెద్దది, అక్కడ బాడీలు చేతులు మారతాయి, ఎవరు తీసుకున్నా ఒకేలా ఉండాలి. 2020లో అసోసియేటెడ్ ప్రెస్ తన ఫొటోగ్రాఫర్లందరినీ సోనీకి మార్చాలని నిర్ణయించింది. ఆ సోనీ బాడీల్లో ఒక్కదానికైనా పాత ముఖం ఉందా?

ఇంత తిట్టాక అటువైపు కూడా చెప్పాలి, ఎందుకంటే నా బ్యాగులోనూ ఎక్స్100 ఉంది.

ఈ రూపం బాగా పనిచేసేది కెమెరా ముందున్న మనిషి మీద. పోర్ట్రెయిట్ కోసం ఒక పెద్దాయన్ని కూర్చోబెట్టండి, ఎదురుగా పెద్ద బాడీ, గిన్నెంత లెన్స్ పెట్టండి, ముఖం బిగుసుకుపోతుంది, గడ్డం పైకెత్తి పాస్‌పోర్ట్ ఫొటో పెట్టేస్తాడు. అదే చిన్న వెండిరంగు కెమెరా తీస్తే, "ఇది రీల్ కెమెరానా అండీ, ఇంకా రీళ్లు దొరుకుతున్నాయా?" అంటాడు. కాదండీ డిజిటలే అంటాం, నమ్మడు, చేతిలోకి తీసుకుని చూస్తాడు, తన చిన్నప్పుడు ఇంట్లో ఉన్న కెమెరా కథ మొదలుపెడతాడు. నాకు కావాల్సిన ముఖం అదిగో, ఆ కథ మధ్యలో వచ్చేస్తుంది. ఇది పనిలో లాభమే, కళాపోషణ కాదు. (నవ్వులు) దీనికి రెండో వైపు కూడా ఉంది, ఒక కార్పొరేట్ షూట్‌లో అరగంట తీశాక ఆ మేనేజర్ చాలా మర్యాదగా అడిగాడు, "సార్, అసలు కెమెరా ఎప్పుడు తీస్తారు?"

రంగు కూడా లెక్కలోకి వస్తుంది. వీధుల్లో, కార్యక్రమాల్లో ఎవరి కంటా పడకుండా తీయాలంటే వెండిరంగు పనికిరాదు, నలుపు తీసుకోవాలి. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్టియర్-బ్రెస్సన్ తన లైకా మీద మెరిసే భాగాలకి నల్ల టేపు చుట్టేవాడు. మనవాళ్లు వెండిరంగు కావాలని ఆర్డరిచ్చి నెలల తరబడి ఎదురు చూస్తారు. ఎవరి పిచ్చి వాళ్లకి ఆనందం.

ఎక్స్100 సంగతికొస్తే, దాన్ని పనికి తెచ్చేది రూపం కాదు, లెన్స్‌లోనే ఉన్న లీఫ్ షట్టర్. మామూలు కెమెరాల్లో ఫ్లాష్ సింక్, అంటే ఫ్లాష్ సరిగ్గా పడే షట్టర్ వేగం, 1/200 దగ్గరో 1/250 దగ్గరో ఆగిపోతుంది, ఆపైన హై స్పీడ్ సింక్ అని ఫ్లాష్ పవర్ అంతా ఊడ్చుకుపోతుంది. ఇందులో 1/1000 దగ్గర కూడా మామూలుగా ఫ్లాష్ పడుతుంది. పైగా లోపలే వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఉంది, ఎక్స్100వీ నుంచి అది నాలుగు స్టాపులు. మిట్టమధ్యాహ్నం ఎండలో, అరచేతిలో పట్టే ఫ్లాష్‌తో, వెనక ఆకాశం నీలంగా ఉంచి పోర్ట్రెయిట్ తీయొచ్చు. శబ్దం దాదాపు వినపడదు, ప్రార్థనలో, అంత్యక్రియల్లో, డాక్యుమెంటరీ పనిలో అది చాలా పెద్ద విషయం. ఇంత చెప్పినా అది రెండో కెమెరాయో మూడో కెమెరాయోనే, ఎందుకంటే ఒకటే లెన్స్, ఒకటే కార్డ్ స్లాట్. మళ్లీ తీయడం కుదరని పనికి ఒక్క కార్డు మీద ఆధారపడే గుండె నాకు లేదు.

డయళ్లకి కూడా ఒక అసలైన సుగుణం ఉంది. కెమెరా ఆఫ్‌లో ఉండగానే సెట్టింగు కనపడుతుంది. ఫుజీ లాంటి వాటిలో కారులోంచి దిగుతూ చూసుకోవచ్చు, 1/250, ఎఫ్8, ఐఎస్ఓ 400, సరే. వెలుతురు నిలకడగా ఉన్నచోట, ఒక్క లెన్స్‌తో, నింపాదిగా తీసే పనికి, అంటే ట్రావెల్, ఊరి డాక్యుమెంటరీ, ఇంట్లో పోర్ట్రెయిట్లు, అలాంటి వాటికి డయళ్లు ఇబ్బంది పెట్టవు సరికదా, తల తేలిగ్గా ఉంటుంది. జెడ్ఎఫ్‌లో ఇంకొకటి నాకు నిజంగా నచ్చింది, షట్టర్ డయల్ కింద మీటని బీ అండ్ డబ్ల్యూ వైపు నెడితే వ్యూఫైండర్ అంతా నలుపు తెలుపు అయిపోతుంది. ఊదా, ఆకుపచ్చ ఎల్ఈడీలు కలిపి కొట్టే హాల్లో రంగులు కళ్లని గందరగోళం చేస్తాయి, అలా నెట్టగానే ముఖం మీద వెలుతురు ఎటునుంచి పడుతోందో తెలుస్తుంది. రా అనే ముడి ఫైల్‌లో రంగు అలాగే ఉంటుంది, పోయేదేం లేదు. ఇది డెకరేషన్ కాదు, పనిముట్టు.

ఒకప్పుడు ఈ కెమెరాల్ని వద్దనడానికి లోపలి సరుకు కూడా సాకుగా ఉండేది. డీఎఫ్‌లో సెన్సర్ అప్పటి నికాన్ అత్యున్నత మోడల్ డీ4దే, 16 మెగాపిక్సెల్, చీకట్లో అద్భుతం. కానీ ఫోకస్ మాత్రం డీ600 తరగతి 39 పాయింట్లది, షట్టర్ 1/4000 దాటదు, ఒకటే స్లాట్, వీడియో అసలే లేదు, మోడ్ డయల్‌ని పైకెత్తి తిప్పాలి. డీ4 వాడే మనిషి డీఎఫ్ ఇష్టపడి కొనుక్కున్నాడేమో కానీ డీ4ని ఇంట్లో పెట్టి రాలేదు. జెడ్ఎఫ్‌లో ఆ సాకు లేదు. ప్రాసెసర్ జెడ్9లో ఉన్న ఎక్స్‌పీడ్ 7, బాడీలోనే స్టెబిలైజేషన్, స్లాట్లు రెండు. రెండోది మైక్రోఎస్‌డీ, అదీ బ్యాటరీ తలుపు కింద, నెమ్మది రకం. అయినా రెండే కదా. లోపల అన్నీ వచ్చాక కూడా ఇంకా అడ్డుపడుతున్నది చేతి పనే అని అందుకే అంటున్నాను.

ఇక నాకు తెలిసిన పనివాళ్లు ఈ కెమెరాల్ని ఎక్కువగా వాడేది పని లేని రోజునే. దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. సీజన్ అంతా క్లయింట్ లిస్టు ప్రకారం తీసీ తీసీ కెమెరా ముట్టుకోబుద్ధి కాని స్థితి మీ అందరికీ తెలుసు. ఆ బరువు బాడీ చూస్తేనే ఎడిటింగ్ డెడ్‌లైన్ గుర్తొస్తుంది. చిన్నది, వేరేగా కనపడేది, ఆఫీసు వాసన లేనిది ఒకటి జేబులో ఉంటే మళ్లీ తీయాలనిపిస్తుంది. నా విషయంలో అయితే అలా తీసినవాటి వల్లే రెండు మూడు మంచి పనులు వచ్చాయి.

ప్రశ్నలా? అడగండి. అక్కడ నీలం చొక్కా.

(సభికుడు: కొత్తగా చేరిన అసిస్టెంట్‌కి నేర్పడానికి ఏది ఇవ్వమంటారు?)

నేర్పడానికి డయళ్లది ఇవ్వండి తమ్ముడూ, అదీ ఎపర్చర్ రింగు లెన్స్ మీదే ఉన్నది. మూడు విలువలూ కంటికి కనపడుతుంటే ఒకటి పెంచితే ఇంకోటి ఎందుకు తగ్గించాలో తొందరగా ఎక్కుతుంది. పనికి తీసుకెళ్లేటప్పుడు మాత్రం నీ మెయిన్ బాడీ ఏదో దాని జతే వాడి చేతికి ఇయ్యి. కెమెరాల గడియారాలు కలవాలి, ఫొటోల రంగులు కలవాలి, మధ్యలో నీ బ్యాటరీ అయిపోతే వాడిది తీసుకునేలా ఉండాలి.

ఇంకెవరన్నా? లేదా? సరే. అదుగో ఆ మూల టేబుల్ మీద రెండు బాడీలు పెట్టాను, ఒకటి డయళ్లది, ఒకటి మామూలుది, రెండిటికీ పెద్ద లెన్సే తగిలించాను. వ్యూఫైండర్‌లోంచి కన్ను తీయకుండా, లెన్స్ కిందనుంచి ఎడమ చేయి కదపకుండా ఐఎస్ఓని 400 నుంచి 3200కి తీసుకెళ్లండి. డయళ్లదాన్ని సీ దగ్గర పెట్టేసి మోసం చేయకూడదు. చూసి రండి, తర్వాత వాదించుకుందాం.